సింహాచలమ్మకి తడి పడదు

జంగ్లీఘాట్ సింహాచలమ్మకి తడి పడదు. ఆ సంగతి ఆ సందులో కుక్కలకి కూడా తెలుసు. వానలో తడిసిన కుక్క ఆవిడ గుమ్మం దాకా వచ్చి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, ఎదురింటి అరుగు మీంచి చుట్టు తిరిగి పోయేది. ఇందులో వింతేమిటంటే, ఆవిడ పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ చేపలమ్మే మనిషి. నెత్తిన బుట్ట, బుట్టలోంచి చెవుల మీదుగా మెడలోకి కారే నీళ్ళు, మోకాళ్ళ దాకా సముద్రం. అలాంటి మనిషి తడి మీద పగబట్టిందంటే, దానికి కారణం ఒకనాడు ఆవిడకి జరిగిన అన్యాయం.

సునామీ వచ్చి పోయిన కొన్నేళ్ళకి, జంగ్లీఘాట్ ఉన్న అండమాన్ పోర్ట్ బ్లెయిర్‌లోనే ఒక క్లబ్బువాళ్ళు క్రిస్మస్ ముందర వంటల పోటీ పెట్టారు. సింహాచలమ్మ స్టీలు డబ్బా నిండా మాకరాన్లు పట్టుకెళ్ళింది. మాకరాన్ అంటే రంగురంగుల చిన్న బిళ్ళ. గుడ్డు తెల్లసొన, పంచదార, పప్పు పిండి కలిపి కాల్చిన రెండు పల్చటి పెంకులు, వాటి మధ్య మెత్తటి గుజ్జు. పళ్ళ కింద పెంకు చిట్లాలి, నాలుక మీద గుజ్జు కరగాలి. గుమ్మం దగ్గర పేర్లు రాసుకుంటున్న పెద్దమనిషి డబ్బా మూత తియ్యలేదు. ఆవిడ చీరకట్టు చూశాడు.

"ఎక్కడి నుంచి?"

"జంగ్లీఘాట్, బాబూ."

"ఏం చేస్తావు?"

"చేపలమ్ముతాను."

"సీ ఫుడ్. ఆ చివర బల్ల."

అంతే. పీతల కూర గుండిగకీ రొయ్యల పులుసుకీ మధ్య మాకరాన్లు కూర్చున్నాయి. మధ్యాహ్నం దాకా ఆవిరి కొట్టింది. పెంకులు నాని, రంగులు ఒకదాన్నొకటి కావలించుకున్నాయి. న్యాయనిర్ణేతలు మెడలో టైలతో వచ్చారు. ఒకాయన ఒక బిళ్ళని ముక్కు దాకా తెచ్చుకుని, నోటి దాకా తీసుకెళ్ళకుండా, "రొయ్యల వడియాలు కాబోలు, కొత్తరకం" అన్నాడు. సాయంత్రం మైకులో సింహాచలమ్మ పేరు పిలిచారు. చేపల విభాగంలో మూడో బహుమతి! చేపలు కోసుకునే చెక్క ఒకటి చేతిలో పెట్టి, ఫొటో తీసి పంపించేశారు.

ఆవిడ అన్న కొడుకు బంగారురాజు ఊగిపోయాడు. తల్లీతండ్రీ పోయాక ఆవిడ చేతుల్లో పెరిగినవాడు, జంగ్లీఘాట్ స్టాండులో ఆటో నడుపుతాడు.

"పద అత్తా! ఆ టైలు పట్టుకుని సముద్రం దాకా ఈడ్చుకొస్తాను!"

"వాళ్ళనెందుకురా అంటావు? పెంకు గట్టిగా ఉంటే నోట్లో ఏసుకునీవోరు. ఆ పీతల ఆవిరి తగిలి మెత్తబడిపోనాయి. తప్పు తడిది."

మనుషులందరినీ అక్కడికక్కడే క్షమించేసింది సింహాచలమ్మ. తడిని మాత్రం క్షమించలేదు.

ఇంతకీ చేపలమ్మే మనిషికి ఈ దొరల తిండి ఎలా అబ్బింది? దానికీ కారణం తడే. సముద్రంలో మునకలేసి రంగుచేపల్ని చూద్దామని ఫ్రాన్సు నుంచి ఒక దొరసాని వచ్చింది. వచ్చిన వారానికే చెవి పాడైంది. చెవిలోకి చుక్క నీరు పోకూడదన్నాడు డాక్టరు. సముద్రం ముందు పెట్టుకుని లాడ్జీలో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్న దొరసానికి రోజూ చేపలు తెచ్చే సింహాచలమ్మ దొరికింది. ఈవిడకి ఫ్రెంచి రాదు, ఆవిడకి తెలుగు రాదు, ఇద్దరికీ హిందీ అంతంతమాత్రం. అయినా ఈవిడ ఆవిడకి చేప తోమడం నేర్పింది, ఆవిడ ఈవిడకి మాకరాన్ నేర్పింది. వెళ్ళేటప్పుడు దొరసాని తన కరెంటు పొయ్యి వదిలేసి పోయింది. దొరసాని బాదంపప్పు వాడేది. సింహాచలమ్మ, ఓడ మీద ఎవరు వస్తున్నా పలాస జీడిపప్పు తెప్పించి అదే రుబ్బేది. మధ్య గుజ్జు అండమాన్ కొబ్బరిది. దొరసాని తింటే తన దేశం మర్చిపోయేది.

కానీ మాకరాన్‌కి ఒక గుణం ఉంది. పిండి బిళ్ళలుగా వేశాక వెంటనే పొయ్యిలో పెట్టకూడదు. గాలికి ఆరనివ్వాలి. పైన చర్మం కట్టి, వేలు పెడితే అంటుకోకుండా ఉన్నప్పుడే కాల్చాలి. లేకపోతే పెంకు నడినెత్తిన పగులుతుంది. చుట్టూ సముద్రం, నెత్తిన మబ్బు, గోడ ముట్టుకుంటే చెమట పట్టే ఊళ్ళో, అది కూడా డిసెంబరులో, ఈ పని పెట్టుకోవడమే ఒక సాహసం!

అందుకని డిసెంబరు వచ్చిందంటే ఆ ఇంట్లో మార్షల్ లా. గుమ్మం పక్కన సాసరులో రాళ్ళుప్పు ఉంటుంది. ఉప్పు చెమ్మగిల్లితే ఆ పూట పొయ్యి వెలగదు. లోపలికి వచ్చేవాళ్ళు ముందు ఉప్పు ముట్టుకోవాలి. వేలికి ఉప్పు అంటుకుంటే మనిషి గీలా, అంటే తడి మనిషి. బయటికి. అంటుకోకపోతే సూఖా. లోపలికి. ఇంట్లో అన్నం ఉడకకూడదు, చారు కాగకూడదు. వంట పెరటి వెనక రేకుల కింద. ఉతికిన బట్టలు ఆవిడ మొగుడు గవరయ్య వేటకెళ్ళే చిన్న పడవ, డింగీ మీద ఆరాలి. తెల్లారి డింగీలు జెట్టీకి వచ్చేటప్పుడు అందరివీ జెండాలు కనిపిస్తే, గవరయ్య డింగీ మీద సింహాచలమ్మ లంగాలు ఎగిరేవి.

గవరయ్య పాట్లు చూడాలి. పాపం, రాత్రంతా వేటాడి ఉప్పునీళ్ళు ఓడుకుంటూ వస్తాడు.

"ఒలే, ఆకలేస్తంది."

"ఆరినావా?"

"తల ఆరింది."

"లుంగీ?"

"ఆరతంది."

"ఆరినాక రా."

గవరయ్య ఎదుటి అరుగు మీద ఎండకి ఎదురుగా కూర్చునేవాడు. దారినపోయేవాళ్ళు ఊరుకుంటారా?

"గవరయ్య మామా, అటు పక్కకి తిరుగు. ఈ పక్క ఎండినావు, ఆ పక్క పచ్చిగానే ఉన్నావు."

"ఉప్పు కూడా జల్లమంటావేటి?"

"ఒద్దు, నీకు సహజంగానే ఉంది."

బంగారురాజు సంగతి ఇంకా ఘోరం. వాడికి చెమట ఎక్కువ. మేనత్త లెక్కలో వాడు మేనల్లుడు కాదు, వాషరు పోయిన కుళాయి. డిసెంబరంతా పగటిపూట గుమ్మం ఇవతలి నుంచే మాట్లాడేవాడు, రాత్రి స్నానం చేసి ఆరాకే లోపలికి. ఫెరార్‌గంజ్ బళ్ళో పనిచేసే భారతీదేవి టీచరు అక్కడి చర్చివాళ్ళ తరఫున పెద్ద ఆర్డరు చెప్పడానికి వచ్చినప్పుడైతే, ఆవిడకి జలుబు. ఉప్పు పరీక్షలో నెగ్గింది గానీ, కుర్చీలో కూర్చోబోతూ తుమ్మింది.

"టీచరమ్మా, ఏటీ అనుకోకు. బాహర్."

"అదేంటి సింహాచలమ్మా, ఆర్డరిద్దామని అంత దూరం నుంచి వచ్చాను!"

"కిటికీలోంచి ఇయ్యి. మొహం అటు పెట్టి ఇయ్యి."

టీచరు సందులో నిలబడి, మొహం అటు తిప్పి, ఎదురింటి గోడకి ఆర్డరు చెప్పింది. క్రిస్మస్ ముందు రోజుకి ఫెరార్‌గంజ్ చేరాలి. నక్షత్రాలు, గంటలు, సాంటా తాతలు, అన్నీ బొమ్మలతో ఉండాలి. సింహాచలమ్మ ఎగిరి గంతేసింది. అంత ఆర్డరు ఎప్పుడూ రాలేదు. అయితే ఆవిడ పెంకు కాల్చడంలో దిట్ట గానీ బొమ్మ వెయ్యడం రాదు. ఆవిడ సాంటా వేస్తే పీతలా, పీత వేస్తే సాంటాలా ఉండేది. బొమ్మలు వేసే చెయ్యి అప్పటికే ఇంట్లోకి వచ్చి ఉంది. ఆ చెయ్యి ఎప్పుడూ కళ్ళు తుడుచుకుంటూ ఉండడమే వచ్చిన చిక్కు.

ఆ చెయ్యి గురువమ్మది. బంగారురాజుకి కొత్త పెళ్ళాం. పూడిమడక పిల్ల. నవంబరులో ఓడ దిగింది. దిగిన దగ్గర్నించీ ఏడుపే. వంజరం చేప చూస్తే ఏడుపు, ఇలాంటిది అమ్మ వండేదని. తెలియని చేప చూస్తే ఏడుపు, ఇలాంటిది అమ్మ చూడనే లేదని. బంగారురాజు ఆటోలో ఊరంతా తిప్పాడు, ఐస్‌క్రీం కొనిపెట్టాడు, విమానాలు దిగేది చూపిద్దామని లంబాలైన్ తీసుకెళ్ళాడు. విమానం చూసి ఇంకా ఎక్కువ ఏడ్చింది. "అది అటే ఎల్తంది కదా బావా" అంది.

అది చాలనట్టు తవిటమ్మ మొదలుపెట్టింది. ఏడిపించి ఓదార్చడంలో ఆ సందులో తవిటమ్మని మించినవాళ్ళు లేరు. రోజూ సాయంత్రం టీవీలో సీరియల్ మొదలయ్యే ముందు, నలుగురు ఆడవాళ్ళని వెంటేసుకుని వచ్చేది. బుగ్గన చెయ్యి వేసుకుని, పిల్ల మొహంలోకి చూసి, "మీ యమ్మ ఈపాటికి ఏటి సేస్తందో" అనేది. అంతే, గురువమ్మ గొల్లుమనేది. నలుగురూ తమ తమ ఊళ్ళు తలుచుకుని ముక్కులు చీదేవారు. సీరియల్ వేళకి తేలికపడ్డ గుండెలతో ఇళ్ళకి పోయేవారు. పిల్ల మాత్రం రాత్రంతా బరువుగానే ఉండేది.

డిసెంబరు వచ్చింది. సాసరులో ఉప్పు పడింది. తవిటమ్మ దండు గుమ్మం దాకా వచ్చింది.

"ఆగండి! తవిటమ్మా, నీ కళ్ళు గీలాగా ఉన్నాయి. బాహర్."

"ఓలప్పా, పిల్లని ఓదార్సడానికొచ్చినాం."

"ఓదారిస్తే సూఖాగా ఓదార్సండి. లోపల పెంకులు ఆరతన్నాయి. ఒక్క కన్నీటి బొట్టు పడినా టపీమని పగులుతాయి."

"ఏడవకుండా ఎలాగ ఓదారుస్తారే?"

"అది నీకు రాదు కదా, ఇంటికెల్లు."

మర్నాడు మళ్ళీ వచ్చారు. మళ్ళీ బయటికే. తవిటమ్మ కిటికీ దగ్గర నిలబడి ఏడ్చి చూసింది. సింహాచలమ్మ కిటికీ మూసేసింది. ఒకసారి తవిటమ్మ పూడిమడకకి ఫోను కలిపి, స్పీకరు పెట్టి, గురువమ్మ తల్లి ఏడుపు అందరికీ వినిపించబోయింది. సింహాచలమ్మ ఫోను లాక్కుని గట్టిగా చెప్పింది. "వదినా, ఫోన్లోంచి కూడా తడొస్తాది. కూర ఏటొండినావో సెప్పు, ఏడవకు." అవతల తల్లి బిత్తరపోయి ఏడుపు ఆపి, "చేమదుంపల పులుసు" అంది. గురువమ్మకి నవ్వొచ్చినంత పనైంది.

ఇవన్నీ బంగారురాజు చూడలేదు. వాడు చూసింది ఒకటే. ఓ మధ్యాహ్నం ఆటో మలుపు తిప్పేసరికి, అత్త తన పెళ్ళాం రెక్క పట్టుకుని ఇంట్లోంచి బయటికి లాగుతోంది.

"నడు! నా ఇంట్లో ఏడవద్దన్నానా? నడు, ఆరి రావాల!"

గురువమ్మ కళ్ళు తుడుచుకుంటూ సముద్రం వైపు నడిచింది. బంగారురాజుకి మండింది. కానీ పెంచిన అత్తనేమనగలడు? అదీ గుమ్మం ఇవతలి నుంచి!

తవిటమ్మ మాత్రం అనగలిగింది. ఆటో స్టాండు దాకా వచ్చి మరీ అంది. "మీ అత్త పిల్లని రోజూ అలాగే తోలేస్తందిరా బాబూ. ఆ రాళ్ళ మీద కూకుని ఏడుస్తంది గావాల, గంట దాకా రాదు. బిళ్ళల కోసం మనిషిని గెంటీడమేటి? రాయి! మీ అత్త గుండె రాయి!"

రాత్రి పెళ్ళాన్నడిగాడు. "రోజూ ఎక్కడికెళ్తున్నావు?"

"ఆరడానికి" అంది గురువమ్మ, తల ఎత్తకుండా. కాగితం పొట్లం కొసలోంచి పంచదార రంగు ఒత్తుతూ బిళ్ళల మీద సాంటా వేస్తోంది.

"నీకు ఇక్కడ బాగుందా?"

గురువమ్మ పొట్లం కొస సన్నంగా నొక్కింది. సాంటా మీసం దిద్దుతోంది. సాంటాకి మీసమేమిటో అడిగే ధైర్యం కూడా బంగారురాజుకి లేకపోయింది.

ఎందుకంటే వాడి జేబులో ఓడ టిక్కెట్టుంది. వచ్చిన కొత్తలోనే గురువమ్మ అడిగింది, "నన్ను మా యమ్మ దగ్గరికి పంపించీ బావా" అని. వాడు కౌంటరు ముందు గంటల తరబడి నిలబడి, క్రిస్మస్‌కి ముందు వైజాగ్ వెళ్ళే ఓడకి టిక్కెట్టు తెచ్చాడు. తెచ్చాడే గానీ, మర్చిపోతుందేమోనన్న ఆశతో జేబులోనే దాచుకున్నాడు. ఆ రాత్రి ఆశ చచ్చిపోయింది. టిక్కెట్టు తీసి ఆమె ముందు గూట్లో పెట్టాడు. "నీ ఇష్టం" అని, అటు తిరిగి పడుకున్నాడు. ఒక్కసారి వెళ్ళిందంటే మళ్ళీ ఓడెక్కుతుందా? వాడికి నమ్మకం లేదు.

ఓడ బయల్దేరే రోజు పొద్దున్న బంగారురాజు విమానాశ్రయానికి ఒక బేరం కొట్టి ఇంటికి వచ్చాడు. ఇల్లు ఖాళీ. పంకా కింద పళ్ళేల్లో పెంకులు ఆరుతున్నాయి. అత్త లేదు. గురువమ్మ లేదు. గూట్లో టిక్కెట్టు లేదు.

తవిటమ్మ అరుగు మీంచి చెప్పింది. "ఇద్దరూ ఇప్పుడే ఎల్లినారు. మీ అత్త చెయ్యి పట్టుకుని లాక్కెల్లింది. పిల్ల ఏడుస్తంది."

బంగారురాజు ఆటో తీశాడు. ఆ ఆటో అంతకు ముందు అంత వేగంగా పోలేదు, ఆ తర్వాతా పోలేదు. ఎదురొచ్చిన బస్సువాడు తిట్టాడు, లారీవాడు తిట్టాడు, ఒక మేక తిట్టినంత పని చేసింది. హడ్డో రేవులో ఆటో వదిలేసి పరిగెత్తాడు. గేటు దగ్గర పోలీసు ఆపాడు.

"భయ్యా, ఏక్ ఔరత్ కో దేఖా? రో రహీ థీ!"

ఏడుస్తున్న ఆడమనిషి కోసం అడుగుతున్న వాడికి పోలీసు చుట్టూ చెయ్యి తిప్పి చూపించాడు. "యహాఁ సబ్ రో రహే హైఁ. దూస్రా నిశానీ బతావ్."

నిజమే, ఏడుపు కాక ఇంకో గుర్తు చెప్పాలి. రేవంతా ఏడుపే. ఎక్కేవాళ్ళు ఏడుస్తున్నారు, దించడానికొచ్చినవాళ్ళు ఏడుస్తున్నారు, కూలి తేలని పోర్టరు కూడా ఏడుపు మొహం పెట్టాడు. ఇంతమంది ఏడ్చేవాళ్ళలో తన ఏడ్చే మనిషిని ఎలా వెతుక్కోవడం? "గురువమ్మా!" అని అరిచాడు. ముగ్గురు గురువమ్మలు వెనక్కి తిరిగారు. ఒక్కర్తీ తనది కాదు. ఇంతలో మెట్లు తీసేశారు. ఓడ కూత పెట్టింది. తాళ్ళు విప్పేశారు. బంగారురాజు ఒడ్డున నిలబడి, కనిపించిన ప్రతి కిటికీకీ చెయ్యి ఊపాడు. ఏదో ఒక కిటికీలో ఉంటుంది కదా!

ఇంటికి పోబుద్ధి కాలేదు. జంగ్లీఘాట్ జెట్టీ దగ్గర ఆటో ఆపి, గవరయ్య మామ డింగీలోనైనా కాసేపు కూర్చుందామని నడిచాడు. అప్పుడు వినిపించింది ఒక శోకం. మామూలు శోకం కాదు. సందు ఈ చివర అరిస్తే ఆ చివర బేరం కుదిరే గొంతు. ఆ గొంతు ఊళ్ళో ఒక్కరికే ఉంది.

ఒడ్డున ఒక పాత డింగీ బోర్లించి ఉంది. దాని వెనక నుంచి తొంగి చూశాడు. సింహాచలమ్మ రాళ్ళ మీద చతికిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, ధారలుగా ఏడుస్తోంది. పక్కనే గురువమ్మ! ఏడవడం లేదు. అత్త వీపు నిమురుతోంది.

"ఓలమ్మో అమ్మా! నన్ను ఓడెక్కించీసి, నువ్వు ఒడ్డునుండిపోనావే అమ్మా! మళ్ళీ నీ మొకం సూడనే లేదే అమ్మా!"

"అత్తా."

"ఏటే?"

"నిన్నా ఇదే ఏడిసినావు. కొత్తది ఏడు."

సింహాచలమ్మ ముక్కు తుడుచుకుని ఆలోచించింది. "నేనొచ్చిన కొత్తలో మా అత్త ఏడవనిచ్చీది కాదే. మొగోళ్ళు ఏటలో ఉండగా ఆడది ఏడిస్తే కీడంట. మొగోళ్ళు ఎప్పుడు ఏటలో లేరు? ఒక్కదాన్నీ ఎక్కడేడవాలో తెలీక, చేపల బుట్ట నెత్తినెట్టుకుని ఏడిసీదాన్ని. నీళ్ళెలాగూ కారతన్నాయి కదా, ఏవి ఏవో ఎవరికి తెలస్తాది?"

ఈ మాటకి గురువమ్మకి నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి సింహాచలమ్మా నవ్వింది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. బంగారురాజు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. పక్కన నీళ్ళలో డింగీ మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్న గవరయ్య పెదవుల మీద వేలు పెట్టాడు.

"మాటాడకు. రోజూ వంతులేసుకుంటారు. ముందు పిల్ల, తర్వాత మీ అత్త. నాకూ ఒక వంతిస్తారేమో అని చూస్తన్నా, ఇవ్వట్లేదు."

బంగారురాజు ఆగలేకపోయాడు. ఒక్క ఉరుకున రాళ్ళ మీదికి దూకాడు. ఒళ్ళంతా చెమట, మొహమంతా కన్నీళ్ళు.

"ఓడ ఎల్లిపోయింది గురువమ్మా!"

"ఎల్లనీ. దానికీ నాకూ ఏటి?"

"నువ్వు ఎక్కలేదా?"

"ఎక్కితే ఇక్కడెలాగుంటాను బావా? అత్త ముందే సెప్పింది. ఎల్తావో ఉంటావో తడి మీదున్నప్పుడు అనుకోవద్దు, ఆరినాక అనుకో, ఎల్తానంటే నేనే ఓడెక్కిస్తానంది. మొన్నటి దాకా ఎల్దామనే ఉంది. నిన్న అనుకున్నాను, ఉండిపోదామని."

"మరి ఈ రోజు ఏడుస్తూ వచ్చినావంట?"

"పొద్దున్నే ఓడ కూత ఇంటే రాదేటి? ఓ కొంచెం వచ్చింది. అయినా ఈ రోజు వచ్చింది అత్త వంతు కోసం. నాది అయిపోయిందని ఆవిడ వంతు మానేస్తే బాగుంటాదా?"

"టిక్కెట్టేది?"

"వాపసిచ్చీమని నిన్నే మామకిచ్చినాను."

అందరూ గవరయ్య వైపు చూశారు. గవరయ్య నెమ్మదిగా లుంగీ మడత విప్పాడు. అందులోంచి ఏదో ముద్ద తీశాడు. రాత్రి వేటలో నాని నాని, టిక్కెట్టు చేమదుంప పులుసులా అయింది.

"తడి!" అని అరిచింది సింహాచలమ్మ. "సూసినావా? సూసినావా ఈ మనిషిని?"

బంగారురాజు అప్పుడడిగాడు, మనసులో ఉన్నది. "అయితే అత్తా, కన్నీళ్ళకి పెంకులు పగలవా?"

"నీకు బుర్రుందేట్రా? రెండు కళ్ళ నీళ్ళకి పెంకు పగిలితే, నీ చెమటకి ఇల్లు కూలిపోవాల. ఆ తవిటమ్మకి ఏదో ఒకటి సెప్పాల కదా! పిల్ల ఏడవాలంటే ఏడవనీ, సూడ్డానికి ఇంతమందెందుకు? ఒకర్తి సాలు, అదీ ఏడిసినదై ఉండాల." అని లేచి చీర దులుపుకుంది. "అన్నం ఆవిరికైతే నిజంగానే పగులుతాయి. నడండి, పెంకులు ఆరిపోయుంటాయి. జల్దీ!"

ఆ రోజూ మర్నాడూ ఆ ఇంట్లో జరిగిన హడావుడి వర్ణించాలంటే మాటలు చాలవు. పొయ్యిలోంచి పళ్ళెం వెనక పళ్ళెం! పెంకు కింద నుంచి నురగ కుచ్చిళ్ళలా పొంగిందంటే కాలడం కుదిరినట్టు. పళ్ళెం బయటికి వచ్చినప్పుడల్లా "వచ్చినాయి, కుచ్చిళ్ళొచ్చినాయి!" అని సింహాచలమ్మ కేకలు. గురువమ్మ చేతిలో నక్షత్రాలు, గంటలు, ఓడలు పుట్టుకొచ్చాయి. గవరయ్యని అరుగు మీంచి లోపలికి పిలిచి కొబ్బరి తురమమన్నారు. ఉప్పు ముట్టుకోబోతే, "ఈ పూటకి రా, ఏడిసినావులే" అంది పెళ్ళాం.

క్రిస్మస్ ముందు రోజు ఆటోకి నాలుగు పక్కలా దుప్పట్లు కట్టారు. లోపల డబ్బాలు, డబ్బాల మధ్య గురువమ్మ, అత్త.

"ఒరే, చెమట పట్టకుండా నడుపు!"

"ఎండలో చెమట పట్టకుండా ఎలాగత్తా?"

"చల్లటి సంగతులు తలుచుకో!"

ఫెరార్‌గంజ్ చర్చి ముందు భారతీదేవి టీచరు ఎదురొచ్చింది. జలుబు తగ్గింది. అయినా అలవాటుగా మొహం అటు తిప్పుకుని పలకరించింది. డబ్బాలు తెరిచారు. పిల్లలు కమ్ముకున్నారు. చర్చి పెద్దాయన, రాంచీ నుంచి వచ్చి స్థిరపడ్డ ముసలాయన, ఒక బిళ్ళ చేతిలోకి తీసుకుని కళ్ళజోడు సవరించుకున్నాడు. బిళ్ళ మీద సాంటా. ఎర్రటి టోపీ ఉండాల్సిన చోట ఎర్రటి తలపాగా. తెల్లటి గడ్డం లేదు, తెల్లటి గుబురు మీసం ఉంది. చెవి మీద సగం కాల్చిన చుట్ట.

"యే సాంటా కౌన్ హై, బేటీ?"

గురువమ్మకి ఉన్నట్టుండి సిగ్గు ముంచుకొచ్చింది. "మా నాన్న" అంది. టీచరు హిందీలో చెప్పింది.

బంగారురాజు డబ్బాల మూతలు చేతికి తీసుకున్నాడు. ఆర్డరు తిరగ్గొట్టేస్తారా? ముసలాయన ఆ బిళ్ళని దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూశాడు. "మేరే బాప్ కీ భీ ఐసీ హీ మూఛ్ థీ" అన్నాడు. వాళ్ళ నాన్నకీ అలాంటి మీసమేనట. మీసం దగ్గర్నించి కొరికాడు. పెంకు చిట్లిన చప్పుడు గుమ్మం దాకా వినిపించింది! సింహాచలమ్మ ఆ చప్పుడికి కళ్ళు మూసుకుంది. పిల్లలు "మూఛ్‌వాలా, మూఛ్‌వాలా" అంటూ ఎగబడ్డారు. మామూలు నక్షత్రాలు అడిగినవాడు లేడు. అప్పట్నించీ ఫెరార్‌గంజ్‌లో క్రిస్మస్ తాతకి తలపాగా, చుట్ట తప్పనిసరి అయిపోయాయి.

తర్వాతి సంవత్సరాల్లో బంగారురాజు, గురువమ్మ లంబాలైన్‌లో గదులు తీసుకుని, పెద్ద పొయ్యి ఒకటి పెట్టారు. విమానం నెత్తి మీంచి పోతుంటే గురువమ్మ తలెత్తి, "గాలి తేమగా ఉంది, నెమ్మదిగా దిగు" అని దానికి కూడా ఆర్డర్లు వేసేది. తవిటమ్మ కోడలు ఓడ దిగినప్పుడు, ఆ పిల్లని బోర్లించిన డింగీ దగ్గరికి తీసుకెళ్ళింది గురువమ్మే.

బంగారురాజూ గురువమ్మా సింహాచలమ్మని చివరిసారి చూసింది పోయిన నెల, హడ్డో రేవులో. పెళ్ళై వచ్చాక ఒక్కసారి కూడా ఆవలి గడ్డ తొక్కని మనిషి, ఉన్నట్టుండి వైజాగ్ ఓడకి టిక్కెట్టు తియ్యమంది. డబ్బా నిండా మాకరాన్లు చంకలో పెట్టుకుని మెట్ల దగ్గర నిలబడింది. రేవంతా ఎప్పట్లాగే ఏడుస్తోంది.

"ఎక్కడికత్తా ఈ వయసులో? ఎవరున్నారక్కడ?" అన్నాడు బంగారురాజు.

"పూడిమడక."

"మా ఊరా?" అంది గురువమ్మ. "ఎన్నాళ్ళుంటావు?"

"నువ్వు ఓడెక్కినప్పుడు మీ యమ్మ ఒక్కర్తీ ఒడ్డున ఉండిపోయింది కదే. నువ్వు ఏడిసినావు, నేను ఏడిసినాను, ఆవిడ వంతు అలాగే ఉండిపోయింది. అది కానిచ్చి వచ్చీస్తాను" అంది సింహాచలమ్మ.